చీలమండ దగ్గర నాలుగు వేళ్ళు

పోయిన నెల కర్నూలు పాతబస్తీలో టీ తాగుతూ తలెత్తి చూస్తే, రోడ్డుకు అవతల ఆయన నిలబడి ఉన్నాడు. పదడుగుల ఎత్తున, రెండు కాళ్ళ మీద. బతికినన్నాళ్ళూ తలమీద నిలబడ్డ ఫొటో ఒక్కటే ఊరంతా పంచిన మనిషిని అట్లా కాళ్ళ మీద చూడటం వింతగా ఉంది. ముఖం సరిగ్గానే ఉంది కానీ తక్కిన లోకం తిరగబడింది. ఆయన నెత్తి మీద జంపఖానా పరిచిన నేల ఉంది. ఆ నేలలోంచి ఒక వేపచెట్టు కొమ్మలు కిందికి వేసుకుని గబ్బిలంలా వేలాడుతోంది. బనియను పొట్ట మీద నిలవకుండా చంకల్లోకి పాకింది. శ్రద్ధాంజలి ఫ్లెక్సీ అది. వేసినవాడు పాత శీర్షాసనం ఫొటోను తిప్పి వేశాడు.

టీ అంగడాయన నా చూపు చూసి చెప్పాడు. "ముందు తలకిందులే వేసినారంట సార్. ఇంట్లోవాళ్ళు ఒప్పుకోలా. సచ్చిపోయినోళ్ళ ముఖం ఎవరన్నా తలకిందులు పెడతారా అని తిప్పించినారు."

ఇంకో సంగతి ఉంది ఆ ఫొటోలో. ఎడమకాలి చీలమండ చుట్టూ నాలుగు వేళ్ళు. ఆయనవి కావు. ఫొటో చిన్నగా పేపర్లో పడినన్నాళ్ళూ ఎవరికీ కనపడలేదు. పదడుగులకు పెంచేసరికి, భూమిలోంచి ఎవరో చెయ్యి పెట్టి ఆయన్ను కిందికి లాగుతున్నట్టు తేటగా కనపడుతున్నాయి. ఆ వేళ్ళు ఎవరివో నాకు తెలుసు. ఆ సంగతికి తర్వాత వస్తాను.

చనిపోయినవాళ్ళ గురించి మంచే రాయాలంటారు. ముప్పై ఏళ్ళు ఆ పని జీతం తీసుకుని చేశాను. ఇప్పుడు జీతం లేదు. ఆయన పేరు కూడా రాయను. పేపర్లో పేరు పడాలన్నదే ఆ మనిషి జీవితాశయం. ఇప్పటికే చాలాసార్లు వేశాం.

ఊరందరికీ ఆయన గురూజీ. కింద రెండంతస్తులు బట్టల అంగడి, పైన మిద్దె. మిద్దె మీద కడప బండలు పరిచి ఉండేవి. పొద్దున ఐదున్నరకు వాటి మీద ఇరవై ముప్పై చాపలు పడేవి. ఏడు దాటితే బండలు కాగుతాయి కాబట్టి ఆ లోపల అంతా అయిపోవాలి. అయ్యాక అందరూ మూకుమ్మడిగా సందు చివరికి పోయి ఉగ్గాని, బజ్జీలు తినేవాళ్ళు. గురూజీ తినేవాడు కాదు. అంగడి వెనక గదికి పొట్లం తెప్పించుకునేవాడు.

ఎవరినీ పేరుతో పిలవడు. రోగంతో పిలుస్తాడు. "షుగరూ, ఈ పక్కకు రా. మోకాలూ, నువ్వు గోడ దగ్గర. యాడ పోయినావు నడుమూ, రెండు దినాలు కనపడ్లే" అనేవాడు. పిలిపించుకున్నవాళ్ళు సంతోషంగా చెయ్యెత్తేవాళ్ళు. బ్యాంకు మేనేజరుగా రిటైరైన పెద్దమనిషి ఒకాయన తనను 'గ్యాసు' అని పిలిస్తే "ఆ, వచ్చినా గురూజీ" అని పలకడం నా చెవులతో విన్నాను. నాకు రోగం పేరు పెట్టలేదు. నేను 'పేపరు'.

మొదటిసారి ఇంటర్వ్యూకి పోయిన రోజు నా చెయ్యి పట్టుకుని తన పొట్ట మీద పెట్టుకున్నాడు.

"ఒత్తప్పా. గట్టిగా ఒత్తు. ఏముండాది?"

"పొట్ట."

"పొట్ట కాదు. బండ. అరవై దగ్గరికొస్తాండా. రాసుకో."

రాసుకున్నాను. తర్వాత పిక్కలు పట్టుకోమన్నాడు. పట్టుకున్నాను. హిమాలయాల్లో ఒక సాధువు దగ్గర మూడేళ్ళు నేర్చుకున్నానని చెప్పాడు. అదీ రాసుకున్నాను. శీర్షాసనం మొదలుపెట్టాక కంటి అద్దాలు పారేశానని, ఇప్పుడు సూదిలో దారం చీకట్లో అయినా ఎక్కిస్తానని చెప్పాడు. అప్పుడు ఆయన చేతిలో మా పేపరే ఉంది. దాన్ని చెయ్యి చాపినంత దూరంలో పట్టుకుని, మెడ వెనక్కి వాల్చి చదువుతున్నాడు. అది చూశాను కానీ రాసుకోలేదు.

ఆ రోజుల్లో నాకు కుర్చీ పని వల్ల నడుము పట్టేసేది. వార్త కోసం పోయినవాణ్ణి చాప కొనుక్కుని నెలల తరబడి పోయాను. ఒక నిజం ఒప్పుకోవాలి. ఆయన నేర్పే వరస మంచిది. మొదట తాడాసనం. పాదాలు బండకు అదిమి, వెన్ను నిలబెట్టి ఊరికే నిలబడటం. తర్వాత మెల్లగా సూర్య నమస్కారాలు. ఒళ్ళు కాస్త కాగాక త్రికోణాసనం, వీరభద్రాసనం. నేల మీదికి వచ్చి భుజంగాసనం, శలభాసనం, వెల్లకిలా తిరిగి సేతుబంధం. భుజాలు, మెడ లొంగాక కాళ్ళు పైకెత్తి సర్వాంగాసనం, అక్కణ్ణుంచి హలాసనం. అన్నీ అయ్యాక, అప్పటికి ఒళ్ళు సరేనంటే, శీర్షాసనం. మా ఇళ్ళలో జొన్నరొట్టె చేసేవాళ్ళకు ఇది చెప్పక్కర్లేదు. పిండిలో వేన్నీళ్ళు పోసి, అరచేత్తో ఎంతసేపు మర్దిస్తే రొట్టె అంత విరగకుండా వస్తుంది. తొందరపడి తడితే అంచులు చీలిపోతాయి. ఆ వరస ఆయన కనిపెట్టింది కాదని తర్వాత తెలిసింది. చెడగొట్టింది మాత్రం ఆయనే. చెడగొట్టడానికి దారి చూపించింది నేను.

ఆయన తను చేసి చూపించేది హలాసనం వరకే. శీర్షాసనం వచ్చేసరికి లేచి చేతులు వెనక్కి కట్టుకుని చాపల మధ్య తిరిగేవాడు. లేవలేనివాళ్ళ చీలమండలు పట్టుకుని పైకి గుంజేవాడు. నిలబడ్డవాళ్ళకు ఊపిరి లెక్క చెప్పేవాడు. ఆ లెక్కలోనే అంగడి నుంచి ఫోను వచ్చేది.

"పదకొండు... హలో, ఆ, చెప్పు... యాడుండాది? కంచిపట్టు కాదప్పా, ఆ పక్కది, ఎర్రంచుది... పన్నెండు... ఆమెకు కూర్చోమని చెప్పు, కాఫీ తెప్పించు, నేను వస్తాండా... పన్నెండు..."

ఇరవైమంది నెత్తి మీద నిలబడి, ముఖాలు కందగడ్డల్లా చేసుకుని, ఆ ఎర్రంచు చీర దొరికేదాకా పదమూడు కోసం ఎదురుచూసేవాళ్ళు. ఆయన పన్నెండు రెండుసార్లు చెప్పినా ఎవరూ దిగేవాళ్ళు కాదు.

మిద్దె ఊడ్చే ఉరుకుందమ్మ ఈ తతంగమంతా మెట్ల దగ్గర చీపురు పట్టుకుని చూసేది. కోసిగి దగ్గర పల్లె ఆమెది. వానల్లేని ఏడాది ఊరంతా కూలి వెతుక్కుంటూ సుగ్గికి పోతే, తనూ పోయి గుంటూరు పక్క మిరపకాయలు కోసి, బెంగళూరులో మట్టి తట్టలు మోసి, మెడ నరం పట్టేశాక ఇక్కడ కసువు ఊడ్చే పనిలో కుదిరింది. ఒకరోజు నన్ను అడిగింది.

"సార్, వీళ్ళు ఏంటికట్ల నిలబడతారు?"

"తలకాయకు రక్తం బాగా పోతుందంట."

"మేము తలకాయ మీద తట్టలు మోసినాం. వీళ్ళు తలకాయ మీద ఒళ్ళు మోస్తాండారు. దుడ్లు మాకిస్తిరి, వీళ్ళే ఇచ్చి మోస్తాండారు." చీపురు గోడకు ఆనించి అంది. "సావుకారి మోయడు, చూసినావా?"

చూడలేదు. ఆమె చెప్పాక కూడా దాన్ని పెద్దగా పట్టించుకోలేదు. గురువులు ఊరికే చేస్తారా, చేయిస్తారు అనుకున్నాను.

యోగా దినం వచ్చింది. మా ఎడిషన్‌లో ప్రత్యేక పేజీ వేశారు. దానికి నేను ఆయన మీద అరపేజీ వార్త ఇచ్చాను. 'శీర్షాసనంతో అద్దాలకు సెలవు' అని శీర్షిక పెట్టింది నేనే. హిమాలయాలు, సాధువు, సూదీ దారం, పొట్ట బండ, అన్నీ పెట్టాను. అది ప్రూఫుకు పోయింది.

ప్రూఫు చదివేది మద్దిలేటి. మా ఎడిషన్‌లో మిగిలిన ఆఖరి ప్రూఫ్ రీడరు. నాకంటే రెండేళ్ళు చిన్న, స్నేహితుడు. తప్పు ఎక్కడుందో కాగితం వాసన చూసి చెబుతాడని మేం ఎగతాళి చేసేవాళ్ళం. ఆ పొద్దు నా వార్తలో మూడు తప్పులు దిద్ది, కాగితం పట్టుకుని నా బల్ల దగ్గరికి వచ్చాడు.

"ఇది నిజమేనా అప్పా?"

"ఏది?"

"అద్దాలు పారేసింది."

"ఆయన చెప్పినాడు. మనం రాసినాం."

"కాదులే, నువ్వు పోతాండావు కదా రోజూ. నువ్వు చూసే రాసుంటావు" అన్నాడు. అని తనకు తనే తలూపుకుని కాగితం తీసుకుపోయాడు. వాడికి అప్పటికే సాయంత్రమయ్యేసరికి అక్షరాల చుట్టూ పొగ కమ్మినట్టు ఉంటోందని నాకు తెలియదు. వారం తిరక్కుండా మిద్దె మీద మద్దిలేటి చాప పడింది. గురూజీ వాడి అద్దాలు చూసి అక్కడికక్కడే పేరు పెట్టేశాడు. 'కండ్లు'.

ఆ వారంలోనే ఇంకో పని చేశాను. యోగా దినం ముందురోజు గురూజీకి ఫోన్ చేసి, మా ఫొటోగ్రాఫరు ఐదున్నరకు వచ్చి పది నిమిషాలే ఉంటాడని, తర్వాత కలెక్టరు గారి కార్యక్రమానికి పోవాలని చెప్పాను. "తలకిందుల ఫొటో కావాలంటే అదే మొదట పెట్టుకోండి" అన్నాను. ఆయన అట్లాగే చేశాడు. నిద్ర కళ్ళతో వచ్చినవాళ్ళను నేరుగా తలమీద నిలబెట్టాడు. ఫొటో బ్రహ్మాండంగా వచ్చింది. వరసగా ఇరవై జతల కాళ్ళు, వాటి వెనక కొండారెడ్డి బురుజు. ముందు గురూజీ నమస్కారం పెట్టి, మామూలుగా, కాళ్ళ మీద.

ఆ ఫొటో చూసి పక్క వారం ఇంకో పదిహేనుమంది వచ్చారు. వచ్చినవాళ్ళంతా శీర్షాసనం ఎప్పుడు అని అడిగేవాళ్ళే. గురూజీ ఇక ఆ వరస మార్చలేదు. పెళ్ళి పంక్తిలో మజ్జిగన్నం ముందు వడ్డించినట్టు, పొద్దున్నే ఊపిరి తిరక్కుండా తలమీద నిలబెట్టి, తర్వాత తీరిగ్గా తాడాసనం. నాకు మెడ పట్టేసి పది రోజులు పక్కకు తిరగలేకపోయాను. అడిగితే, "పేపరోళ్ళు చెప్పిన వరసే కదప్పా ఇది" అని నవ్వాడు. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను.

ఆ చలికాలం మద్దిలేటి కంటి డాక్టరు దగ్గరికి పోయాడు. నీటికాసులు అన్నాడట డాక్టరు. కంటిలోపల ఒత్తిడి పెరిగి, నరాన్ని కొంచెం కొంచెంగా చంపే జబ్బు. పోయిన చూపు తిరిగి రాదు, ఉన్నదాన్ని కాపాడుకోవాలి, రోజూ చుక్కలు వేసుకోవాలి, బరువులెత్తకూడదు, తల కిందికి వేలాడదీసే పని ఏదీ చేయకూడదు అని చెప్పి పంపాడట. తెల్లారి మిద్దె మీద అందరి ముందే గురూజీకి ఆ మాట చెప్పాడు. నేను పక్క చాప మీద వంగి కాలి బొటనవేళ్ళు పట్టుకుని ఉన్నాను.

"చుక్కలు రాసిచ్చినాడా?" అన్నాడు గురూజీ.

"ఇచ్చినాడు గురూజీ."

"ఇయ్యక ఏం జేస్తాడు. చుక్కలు అమ్ముకునేవాడు చుక్కలే ఇస్తాడు. ఇట్ల చూడు కండ్లూ. నీ కంట్లో కసువు చేరిండాది. ఊడ్చేదానికి ఏం కావాల? రక్తం. రక్తం కిందికి దిగాలంటే ఏం జెయ్యాల?"

"తల కింద పెట్టాల."

"నువ్వే చెప్తాండావు. మల్ల నన్నడుగుతావేంది. రెండు నిమిషాలు కాదు నీకు, ఐదు నిమిషాలు."

మద్దిలేటి నావైపు చూశాడు. నేను బొటనవేళ్ళు వదల్లేదు. వాడు మోచేతులు బండ మీద ఆనించి తల కింద పెట్టాడు. గురూజీ చీలమండలు పట్టి పైకి లేపాడు.

కొన్నాళ్ళకే నాకు కడపకు బదిలీ అయింది. అక్కడున్నప్పుడు ఒకసారి వేంపల్లెకు పోవలసి వచ్చింది. రిటైరైన డ్రిల్లు మాస్టరు ఒకాయన బడి మైదానంలో పొద్దున్నే యోగా నేర్పుతాడని, చూసి రాయమని పంపారు. ఎనభై దగ్గర పడ్డ మనిషి. మైదానం మూల ఒక వేపచెట్టు. ఎనిమిదిమంది చాపల మీద అదే వరస చేస్తున్నారు. తాడాసనంతో మొదలు, అంగుళం అటూ ఇటూ కాకుండా కర్నూలు మిద్దె మీద నేను నేర్చుకున్న వరస. హలాసనం అయ్యాక ఆయన ఎనిమిదిమందిలో ఇద్దరినే లేపాడు. తక్కినవాళ్ళు పడుకుని కళ్ళు మూసుకున్నారు.

"ఆ ఆరుగురు ఏంటికి చెయ్యరు?" అని అడిగాను.

"ఒకామెకు బీపీ ఉండాది. ఇద్దరికి కండ్లు బాగలేవు. ఆయనకు మెడ. మిగిలినోళ్ళిద్దరూ వచ్చి ఏడాది కాలేదు. తల కింద పెట్టేది ఆఖర్నప్పా. అదీ అందరికీ కాదు."

నేను కర్నూలు గురూజీ మాట ఎత్తాను. ఆయన కాసేపు ఆలోచించి గుర్తుపట్టాడు.

"బట్టల అంగడాయనేనా? ఆయనకు అత్తగారి ఊరు ఇదే. అల్లుడొచ్చినాడని అందరూ మర్యాద చేసిరి. మూడు వారాలు వచ్చినాడు నా దగ్గరికి. రోజూ ఒకటే అడుగుతాడు, శీర్షాసనం ఎప్పుడు, శీర్షాసనం ఎప్పుడని. నిలబడ్లేడు ఆ మనిషి, వెన్నులో బలం లేదు. ఆఖరి దినం ఫొటో ఆయన్ని పిలుచుకొచ్చినాడు. నేను కాళ్ళు పట్టుకుంటే ఫొటో తీయించుకున్నాడు. పొయినాడు."

ఇదీ హిమాలయం. ఇదీ సాధువు. మూడేళ్ళు కాదు, మూడు వారాలు. ఫొటోలోంచి ముసలాయన్ను కత్తిరించేశాడు కానీ వేళ్ళను కత్తిరించాలంటే తన కాలు పోతుంది.

ఆ ముసలాయన గురించి చిన్న వార్త రాశాను. ఫొటో లేకుండా లోపలి పేజీలో పడింది.

రిటైరై కర్నూలు తిరిగొచ్చేసరికి మద్దిలేటికి పేపరు ఉద్యోగం లేదు. ప్రూఫ్ రీడర్ల పని కంప్యూటరు చేస్తుందని తీసేశారు. పాతబస్తీలో ఒక ప్రెస్సులో పెళ్ళిపత్రికలు, క్యాలెండర్లు దిద్దుతున్నాడు. నేను పోయినప్పుడు తల ఒక పక్కకు తిప్పి, కాగితాన్ని ఎడమ కంటి దగ్గరికి లాక్కుని చదువుతున్నాడు.

"కుడిది పోయిందప్పా" అన్నాడు, గొడుగు పోయిందన్నట్టు. "ఒకనాడు ఎడమ కంట్లో నలక పడి మూసుకుంటే, పెండ్లికూతురి పేరు ఉండాది, పెండ్లికొడుకు పేరు లేదు. పత్రికలో లేదేమో అనుకున్నా. కంట్లో లేదు."

"డాక్టరేమన్నాడు?"

"తప్పు శానావరకు జబ్బుదే అన్నాడు. తల కింద పెడతాండావా అని అడిగినాడు. అవునన్నా. కాసేపు పెన్ను మూత తీస్తా పెడతా ఉన్నాడు."

"మానేసినావు కదా?"

కుర్చీ పక్కన చుట్టిన చాప ఉంది. ఇంకా పోతూనే ఉన్నాడు. ఒక కన్ను పోయింది సాధన చాలక అని, ఎడమది నిలవాలంటే ఐదు నిమిషాలు పది చేయాలని గురూజీ చెప్పాడట. డాక్టరు చుక్కలతో ఆగుతుందో లేదో చెప్పలేనన్నాడు, గురూజీ ఆగుతుందని చెప్పాడు. మనిషికి భయం వేసినప్పుడు గట్టిగా చెప్పేవాడి మాటే మందు. పైగా మద్దిలేటి ఇంకో మాట అన్నాడు. "పేపర్లో పడిందే కదప్పా."

వాడికి మిగిలింది ఒక కన్ను. వాడి అన్నం ఆ కంట్లోనే ఉంది. నేను నేరుగా అంగడికి పోయాను.

గురూజీ తెల్ల పరుపు మీద దిండుకు ఆనుకుని కూర్చుని ఉన్నాడు. ముక్కు మీద అద్దాలు. నన్ను చూడగానే అద్దాలు తీసి చీరల మడతల కింద తోశాడు. ఆ తోయడం ఎంత అలవాటైన పని అంటే ముఖంలో నవ్వు చెదరలేదు.

"ఏం పేపరూ, ఎన్నాళ్ళకెన్నాళ్ళకు. కూర్చో. కాఫీ చెప్తా."

మద్దిలేటికి కన్ను పోయిందన్నాను. మానేయమని ఆయన నోటితో చెప్పమన్నాను. ఎదురుగా ఇద్దరు ఆడవాళ్ళు చీరలు చూస్తున్నారు. వాళ్ళకు వినపడేట్టే చెప్పాడు.

"సాధన అందరికీ పట్టదప్పా. మెడ సరిగ్గా పెట్టలా ఆయన. కర్మ కూడా ఉంటాది. గంగలో మునిగినోళ్ళంతా ఈతగాళ్ళవుతారా?" గొంతు తగ్గించి అడిగాడు. "మీ పేపర్లో ఇప్పుడు యోగా పేజీ ఎవరు చూస్తాండారు? నా ఫొటో పాతదైపాయ. మంచిది ఒకటి తీయిస్తే వేస్తారా?"

"తీయించండి. తలమీద నిలబడి" అన్నాను.

ఆయన నా వెనక గోడ వైపు చూశాడు. చీర ఒకటి దులిపి పరిచాడు. "ఇది చూడమ్మా, మెత్తగా ఉంటాది" అని ఆడవాళ్ళవైపు తిరిగాడు.

మెట్లు దిగుతుంటే ఉరుకుందమ్మ వెనకే వచ్చింది. అంతా విన్నట్టుంది.

"సార్, ఆ ప్రూఫు సారు కంట్లో పోసుకునే బుడ్డి ఉండాది చూడు, పచ్చ మూతది. దినామూ మిద్దె మీద కొళాయి కాడ పోసుకుంటాడు."

"ఆ."

"సావుకారీ అదే పోసుకుంటాడు. వెనక గదిలో, తలుపేసుకుని. నెలకొకటి కసువులో పడతాది." చీర కొంగు ముడి విప్పి చూపించింది. పచ్చ మూత బుడ్డి, ఖాళీది. "శానా ఏండ్లయ్యె. నేను వచ్చినప్పటి నుంచీ పారబోస్తాండా. ఆ సారుకు జెప్దామంటే, పనిమనిషి మాట ఎవరు ఇంటారు? నువ్వు జెప్పు. నా పేరు ఎత్తొద్దు."

బుడ్డి అందుకున్నాను. పొగరుబోతును భరించవచ్చు. అబద్ధాలకోరును భరించవచ్చు, మా వృత్తిలో రోజుకు పదిమంది తగులుతారు. తన కంటికి తగిలిన జబ్బే ఎదుటివాడికీ తగిలిందని తెలిసి, తన తలను భద్రంగా భుజాల మీద ఉంచుకుని, వాడి చీలమండలు పట్టి పైకి లేపిన మనిషిని ఏమనాలో నాకు ఈనాటికీ మాట దొరకలేదు. పామయినా తన విషాన్ని మందని చెప్పి ఎక్కించదు.

బుడ్డి తీసుకుపోయి మద్దిలేటి బల్ల మీద పెట్టాను. ఎవరిచ్చారో తప్ప, ఎక్కడిదో చెప్పాను. వాడు దాన్ని ఎడమ కంటి దగ్గరికి తెచ్చుకుని, చీటీ మీది అక్షరాలు ఒక్కొక్కటీ చదివాడు. జేబులోంచి తన బుడ్డి తీసి పక్కన పెట్టాడు. రెండింటినీ మార్చి మార్చి చూశాడు. మూలప్రతి, ప్రూఫు పక్కపక్కన పెట్టుకుని చూసినట్టే.

"అదే" అన్నాడు.

తన బుడ్డి జేబులో వేసుకుంటూ మళ్ళీ అన్నాడు. "ఈయనకు కూడా చుక్కలు అమ్మినాడన్నమాట డాక్టరు."

మరుసటి రోజు నుంచి మిద్దెకు పోలేదు. చాపను నాలుగు మడతలు పెట్టి కుర్చీలో వేసుకున్నాడు, కూర్చోడానికి మెత్తగా. ఎడమ కన్ను ఇప్పటికి నిలిచి ఉంది. వాడు రానందుకు గురూజీ తరగతిలో ఏమన్నాడో ఉరుకుందమ్మ చెప్పింది. "కండ్లు రాలేదే. ఓర్పు లేనోళ్ళకు చూపు యాడనుంచి వస్తాది" అన్నాడట. ఆ రోజూ ముప్పైమంది తలకిందులుగా నిలబడే ఉన్నారట.

దీన్ని నేను ఎందుకు రాయలేదని అడిగేవాళ్ళుంటారు. రిటైరయినా నాలుగు ముక్కలు రాసిస్తే వేసేవాళ్ళు ఉన్నారు. కానీ ఆయన తప్పు రాయాలంటే, ముందు నా పాత వార్త తప్పని రాయాలి. పేపర్లో సవరణ ఎంత చిన్నగా పడుతుందో తెలిసినవాణ్ణి. అంత చిన్నది కూడా రాయలేకపోయాను. ఆయన్ను తిట్టుకుంటూ ఏళ్ళు గడిపాను. తిట్టుకోవడం సులువు.

ఆయన గుండె ఆగి పోయాడు. మంచం మీదే, నిద్రలో. ఒళ్ళు నలగకుండా పోవడం కూడా ఆయనకు చేతనయింది.

ఫ్లెక్సీ చూసిన రోజు సాయంత్రం ప్రెస్సుకు పోయి మద్దిలేటితో చెప్పాను. తిప్పి వేసినారని చెబితే నవ్వుతాడనుకున్నాను. నవ్వలేదు. చేతిలో పని పక్కన పెట్టి, "పా, చూద్దాం" అన్నాడు. రోడ్డు మీద వాడికి కుడిపక్క నడిచాను. ఆ పక్క నుంచి వచ్చే ఆటోలు వాడికి కనపడవు.

పొద్దున నేను చూసింది టీ అంగడి నుంచి. దగ్గరికి పోతే తెలిసింది, ఫొటో కింద ఇంకోటి కూడా ఉందని. పాత పేపరు కత్తిరింపు. దాన్ని ఇంట్లోవాళ్ళు ఇన్నాళ్ళు భద్రంగా దాచిపెట్టి, పెద్దది చేయించి, పూలదండ బొమ్మ మధ్యలో వేయించారు. 'శీర్షాసనంతో అద్దాలకు సెలవు'. రాసినవాడి పేరు లేదు. ఎవరు రాశారో, ఎవరు దిద్దారో తెలిసినవాళ్ళం ఆ రోడ్డు మీద ఇద్దరమే.

మద్దిలేటి మురిక్కాలువ దాటి ఫ్లెక్సీ దగ్గరికి పోయాడు. ముక్కు తగిలేంత దగ్గరగా. ఫొటో వైపు, ఆ వేళ్ళ వైపు చూడలేదు. కత్తిరింపు ముందు తల ఒక పక్కకు వాల్చి, చూపుడువేలు మొదటి వాక్యం కింద పెట్టాడు. వేలు మెల్లగా కదిలింది. హిమాలయాలు దాటింది. సాధువు దాటింది. సూదీ దారం దగ్గర కాసేపు ఆగింది. వెనక స్కూటర్లు హారను కొడుతున్నాయి. టీ అంగడాయన గ్లాసులు కడగడం ఆపి చూస్తున్నాడు. వాడు ఏదో ఒకటి అంటాడని, అంటే బాగుండునని, నేను కాలువకు ఇవతల నిలబడి ఉన్నాను.

ఆఖరి వాక్యం దాకా చదివి వేలు తీశాడు. కండువాతో ఎడమ కన్ను తుడుచుకున్నాడు.

"అచ్చుతప్పు ఒక్కటీ లేదప్పా" అన్నాడు.